జర్మనీలో కారు లైసెన్స్: ఇండియా కార్డు మార్పించుకోవాలా, కొత్తగా తీసుకోవాలా?

జర్మనీకి చదువుకో ఉద్యోగానికో వచ్చిన మనవాళ్ళలో చాలామందికి మొదటి ఆరు నెలలు లైసెన్స్ సంగతి గుర్తే ఉండదు. ఇల్లు వెతుక్కోవాలి, ఆన్‌మెల్డుంగ్ (చిరునామా నమోదు) చేయించుకోవాలి, వీసా ఆఫీసులో టెర్మిన్ (అపాయింట్‌మెంట్) కోసం రోజూ వెబ్‌సైట్ చూస్తూ కూర్చోవాలి. అవన్నీ ఒక కొలిక్కి వచ్చేసరికి ఆరు నెలలు అయిపోతాయి. ఆ తర్వాత ఊరి చివర ఉద్యోగం వస్తుంది, లేదా ఇంట్లో పసిబిడ్డ వస్తుంది. అప్పుడు మొదలవుతుంది ప్రశ్న: "అన్నా, ఇండియా లైసెన్స్ ఉందిగా, మళ్ళీ డ్రైవింగ్ స్కూల్ ఎందుకు?"

దీనికి జవాబు అందరికీ ఒకటే కాదు. మీ దగ్గర ఏ కార్డు ఉంది, అది ఎప్పుడు వచ్చింది, దాంతో నిజంగా ఎంత నడిపారు అన్నదాన్ని బట్టి దారి మారుతుంది. నా మాట ముందే చెప్పేస్తాను. జర్మనీకి రాకముందే తీసుకున్న ఎల్‌ఎంవీ (కారు) లైసెన్స్ ఉంటే మార్పిడి దారిలోనే వెళ్ళండి, కొత్త విద్యార్థిగా చేరకండి. అయితే ఆ దారిలో క్లాసులు తప్పనిసరి కాదు కదా అని వాటిని ఎగ్గొట్టకండి. ఈ రెండో సంగతి దగ్గరే ఎక్కువమంది డబ్బు పోగొట్టుకుంటున్నారు.

ఆరు నెలల లెక్క

ఇక్కడ నివాసం ఏర్పరచుకున్న రోజు నుంచి ఆరు నెలల వరకు ఇండియా లైసెన్స్‌తో కారు నడపవచ్చు. దానితోపాటు ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ గానీ, ఏడీఏసీ (జర్మనీ వాహనదారుల సంఘం) లాంటి సంస్థ చేసిచ్చిన జర్మన్ అనువాదం గానీ ఉండాలి. అసలు కార్డు లేకుండా పర్మిట్ ఒక్కటే చూపిస్తే చెల్లదు. ఏడాదికి మించి ఉండబోమని రుజువు చూపగలిగినవాళ్ళకు లైసెన్స్ ఆఫీసు ఇంకో ఆరు నెలల వరకు గడువు పొడిగించవచ్చు. ఒక సెమిస్టర్, రెండు సెమిస్టర్ల కోసం వచ్చినవాళ్ళకు ఇది పనికొస్తుంది. రెండేళ్ళ మాస్టర్స్‌కి వచ్చినవాళ్ళకు కాదు.

గడువు దాటాక నడిపితే అది చలానా కట్టి వదిలించుకునే తప్పు కాదు, నేరం. చట్టంలో జరిమానాకు గానీ, ఏడాది వరకు జైలుకు గానీ వీలుంది. ప్రమాదం జరిగితే అవతలివాళ్ళకు కట్టిన డబ్బులో కొంత ఇన్సూరెన్స్ కంపెనీ మీ దగ్గర వసూలు చేస్తుంది. పౌరసత్వానికి దరఖాస్తు పెట్టేటప్పుడు మీ మీద ఉన్న శిక్షల రికార్డు కూడా చూస్తారు. "పక్క వీధి దాకే కదా" అనుకుని ఎవరి కారూ తీయకండి.

ఇక్కడ ఒక అపోహ బాగా పాతుకుపోయింది. ఆరు నెలలు దాటితే ఇండియా లైసెన్స్ మార్చుకునే హక్కే పోతుందని చాలామంది నమ్ముతారు. అలా అనుకుని కొత్త విద్యార్థులుగా చేరి, అక్కర్లేని క్లాసులకు వేల యూరోలు కట్టినవాళ్ళున్నారు. ఆరు నెలలతో పోయేది నడిపే హక్కు మాత్రమే. మార్పిడికి ఆ తర్వాత కూడా దరఖాస్తు పెట్టుకోవచ్చు. అలాగని తాపీగా ఉండమని కాదు. దరఖాస్తు పెట్టినంత మాత్రాన ఆరు నెలల గడువు ఆగదు, ఆఫీసులో ఫైలు కదలడానికి వారాలు, పెద్ద నగరాల్లో నెలలు పడుతుంది. ఆన్‌మెల్డుంగ్ అయిన మొదటి నెలలోనే పెట్టేస్తే మంచిది.

మార్పిడి అంటే పరీక్షలు లేకపోవడం కాదు

కొన్ని దేశాల లైసెన్సులను జర్మనీ పరీక్ష లేకుండానే మార్చి ఇస్తుంది. ఆ జాబితాలో ఇండియా లేదు. కాబట్టి మనకు థియరీ, ప్రాక్టికల్ రెండు పరీక్షలూ ఉంటాయి. కంటి పరీక్ష, ఫస్ట్ ఎయిడ్ కోర్సు కూడా చేయాలి. ఫస్ట్ ఎయిడ్ కోర్సు సాధారణంగా ఒక్క శనివారంలో అయిపోతుంది, చాలా ఊళ్ళలో ఇంగ్లిష్‌లోనూ దొరుకుతుంది.

మనకు తప్పేది నిర్బంధ శిక్షణ. కొత్తగా తీసుకునేవాళ్ళు ఒక్కొక్కటి తొంభై నిమిషాల చొప్పున 14 థియరీ క్లాసులకు హాజరు కావాలి. రోడ్డు మీద ప్రత్యేక డ్రైవులు 12 చేయాలి. వాటిలో ఊరి బయటి రోడ్ల మీద 5, ఆటోబాన్ (హైవే) మీద 4, చీకట్లో 3. ఒక్కొక్కటి 45 నిమిషాలు. ఇవి కాక మామూలు డ్రైవింగ్ క్లాసులు ఎన్ని అవసరమైతే అన్ని. మార్పిడి వాళ్ళకు ఈ నిర్బంధం ఏదీ ఉండదు. చట్టం ప్రకారం ఒక్క క్లాసు కూడా తీసుకోకుండా నేరుగా పరీక్షకు కూర్చోవచ్చు.

కానీ ప్రాక్టికల్‌కి మీ సొంత కారులో వెళ్ళడం కుదరదు. పక్క సీటులో కూడా పెడల్స్ ఉన్న స్కూల్ కారు కావాలి, అందులో ఇన్‌స్ట్రక్టర్ ఉండాలి, వెనక సీటులో పరీక్షాధికారి కూర్చుంటారు. అంటే మార్పిడికైనా డ్రైవింగ్ స్కూల్‌లో చేరక తప్పదు. మీరు సిద్ధంగా ఉన్నారని ఇన్‌స్ట్రక్టర్‌కి అనిపించే దాకా ఆయన మిమ్మల్ని పరీక్షకు తీసుకెళ్ళరు.

మార్పిడిలో ఇంకో లాభం ఉంది, దాన్ని ఎవరూ పెద్దగా చెప్పరు. కొత్త లైసెన్స్ తీసుకున్నవాళ్ళకు రెండేళ్ళ ప్రొబేషన్ ఉంటుంది. ఆ రెండేళ్ళలో ఒక పెద్ద తప్పు చేస్తే మళ్ళీ సెమినార్‌కి వెళ్ళాలి, ప్రొబేషన్ ఇంకో రెండేళ్ళు పెరుగుతుంది. మద్యం ఒక్క చుక్క కూడా తాగి నడపకూడదు. మార్పిడిలో ఇండియా లైసెన్స్ పట్టుకుని ఉన్న కాలాన్ని ఈ ప్రొబేషన్‌లో కలుపుతారు. అయిదేళ్ళ నాటి హైదరాబాద్ లైసెన్స్ ఉంటే ఇక్కడ ప్రొబేషనే ఉండదు.

నష్టం ఒకటి: జర్మన్ కార్డు చేతికి ఇచ్చేటప్పుడు ఇండియా కార్డు తీసేసుకుంటారు. సెలవులకు ఊరెళ్ళినప్పుడు నడపాలంటే జర్మన్ కార్డుతోపాటు ఇక్కడే ఇంటర్నేషనల్ పర్మిట్ తీసుకుని వెళ్ళాలి.

ఖర్చు ఎంత తేడా?

2025లో జర్మనీ రవాణా మంత్రిత్వ శాఖ చెప్పిన సగటు ఖర్చు దాదాపు 3,400 యూరోలు. ఇది కొత్తగా తీసుకునేవాళ్ళ లెక్క. ఊరిని బట్టి, స్కూల్‌ని బట్టి, మనిషిని బట్టి బాగా మారుతుంది. ఒక మధ్యస్థ ఊరిని ఊహించుకుని లెక్క వేద్దాం.

కొత్త దారిలో స్కూల్ ప్రవేశ రుసుము 400, ప్రత్యేక డ్రైవులు 12 ఒక్కొక్కటి 75 చొప్పున 900, మామూలు క్లాసులు 20 ఒక్కొక్కటి 65 చొప్పున 1,300. స్కూల్ వాళ్ళు పరీక్షకు తీసుకెళ్ళినందుకు రెండింటికీ కలిపి 240. పరీక్ష పెట్టే సంస్థలైన ట్యూఫ్ లేదా డెక్రాకు కట్టే రుసుము థియరీకి 25, ప్రాక్టికల్‌కి 130 ప్రాంతం. థియరీ ప్రశ్నల యాప్, ఫస్ట్ ఎయిడ్, కంటి పరీక్ష, ఫోటో, ఆఫీసు రుసుము కలిపి 200. మొత్తం దాదాపు 3,200 అవుతుంది.

మార్పిడి దారిలో ప్రత్యేక డ్రైవుల 900 పోతాయి. ప్రవేశ రుసుము కొన్ని స్కూళ్ళు సగానికి తగ్గిస్తాయి. 12 క్లాసులతో సరిపెట్టుకోగలిగితే 780. పరీక్ష ఖర్చులు, మిగతావి అవే, అనువాదానికి ఇంకో 60 వేసుకోండి. 1,600 నుంచి 1,700 మధ్య తేలుతుంది. అంటే సగం. ఆ "12 క్లాసులతో సరిపెట్టుకోగలిగితే" అన్నచోటే లెక్కంతా ఉంది. ప్రాక్టికల్‌లో ఒక్కసారి తప్పితే పరీక్ష రుసుము, స్కూల్ రుసుము, మధ్యలో రెండు మూడు క్లాసులు కలిపి సులువుగా 400 పైన అవుతుంది. ఇంకోసారి పరీక్షకు కనీసం రెండు వారాలు ఆగాలి. స్లాట్ దొరక్కపోతే నెలలు.

ఇండియాలో పదేళ్ళు నడిపినవాళ్ళు ఎందుకు తప్పుతారు?

ఈ పరీక్షల్లో తప్పేవాళ్ళ సంఖ్య మనవాళ్ళలోనే కాదు, జర్మన్ పిల్లల్లోనూ ఎక్కువే. ఇటీవలి ఏళ్ళలో థియరీలో నూటికి నలభై మందికి పైగా, కారు ప్రాక్టికల్‌లో మూడింట ఒక వంతుకు పైగా తప్పారు. బాగా నడపడం వచ్చినవాళ్ళు తప్పడానికి మాత్రం కారణం వేరు.

ఇళ్ళ మధ్య ముప్పై కిలోమీటర్ల వేగం దాటకూడని వీధి ఒకటి ఊహించుకోండి. ముందు చిన్న కూడలి. సిగ్నల్ లేదు, బోర్డు లేదు, రోడ్డు మీద గీత కూడా లేదు. మీ రోడ్డు కాస్త వెడల్పుగా ఉంది, కుడివైపు నుంచి వచ్చేది సన్నటి సందు. మన అలవాటు ప్రకారం పెద్ద రోడ్డు మీద ఉన్నది మనమే, మనదే ముందు. ఇక్కడ కాదు. బోర్డు లేని కూడలిలో కుడివైపు నుంచి వచ్చేవాళ్ళదే ముందు హక్కు, వాళ్ళు ఎంత సన్నటి సందులోంచి వచ్చినా సరే. ఆ సందులో ఎవరూ లేకపోయినా మీరు వేగం తగ్గించాలి, మెడ తిప్పి చూడాలి, చూసినట్టు వెనక కూర్చున్న ఆయనకు కనిపించాలి. తగ్గించకుండా వెళ్ళిపోతే, ఎవరికీ తగలకపోయినా, పరీక్ష అక్కడితో ముగిసిపోవచ్చు.

రెండోది భుజం మీదుగా చూడటం. కుడికి తిరిగేటప్పుడు అద్దం చూస్తే చాలదు. మీ కుడి పక్కన సైకిల్ దారి ఉంటుంది, దాని మీద ఎవరో ఆగకుండా నేరుగా వస్తుంటారు. వాళ్ళకు దారి ఇవ్వాలి. తల తిప్పి భుజం మీదుగా చూసే అలవాటు మనకు ఎవరూ నేర్పలేదు. విజయవాడ బెంజ్ సర్కిల్లో రద్దీని ఈదినవాళ్ళకు చేతులు, కాళ్ళు, ధైర్యం అన్నీ ఉంటాయి. ఈ తల తిప్పడమే ఉండదు. దానికి రోడ్డు కుడివైపుకు, స్టీరింగ్ ఎడమవైపుకు మారడం కూడా తోడవుతుంది. గేరు ఇప్పుడు కుడిచేత్తో వేయాలి. మొదటి నాలుగైదు క్లాసులు చెయ్యి తలుపు మీదకే పోతుంటుంది.

అందుకే నా సలహా: ఇండియాలో రోజూ నడిపినవాళ్ళయినా 10 నుంచి 15 క్లాసులకు ముందే డబ్బు పక్కన పెట్టుకోండి. అందులో ఆటోబాన్ ఒకసారైనా ఉండాలి, చట్టం అడగకపోయినా. దానిలోకి చేరేటప్పుడు వేగం పెంచి కలవాలి, భయపడి చివర ఆగిపోతే ప్రమాదం. లైసెన్స్ ఉంది గానీ చేతికి కారు దొరకనివాళ్ళు, ఆర్టీఓలో పది నిమిషాలు నడిపి కార్డు తెచ్చుకున్నవాళ్ళు అయితే 25 అనుకోండి. వాళ్ళకు మార్పిడి దారికీ కొత్త దారికీ తేడా కొన్ని వందల యూరోలకు తగ్గిపోతుంది. అయినా ప్రొబేషన్ కోసం, థియరీ క్లాసుల సాయంత్రాలు మిగలడం కోసం మార్పిడే మేలు.

కార్డు మీద టూవీలర్ క్లాసు మాత్రమే ఉంటే కారుకు అది పనికిరాదు. ఎల్‌ఎంవీ అని ఉందో లేదో చూసుకోండి.

మాన్యువలా, ఆటోమేటిక్కా?

ఆటోమేటిక్ కారులో పరీక్ష ఇస్తే లైసెన్స్ మీద 78 అని పడుతుంది. దాంతో గేరు కారు నడపకూడదు. 2021 ఏప్రిల్ నుంచి మధ్యే దారి ఒకటి వచ్చింది, దాన్ని బీ 197 అంటారు. గేరు కారులో కనీసం 10 క్లాసులు తీసుకుని, స్కూల్‌లోనే ఒక పావుగంట పరీక్ష ఇస్తే, అసలు పరీక్ష ఆటోమేటిక్‌లో రాసినా రెండు రకాలూ నడపవచ్చు. 78 ఉండదు.

గేరు కారు బాగా అలవాటు ఉన్నవాళ్ళు నేరుగా గేరు కారులోనే పరీక్ష ఇవ్వండి, ఆ పది క్లాసుల మాటే ఉండదు. కొత్తగా నేర్చుకునేవాళ్ళకు నేను బీ 197 చెబుతాను. పరీక్ష రోజున క్లచ్ గురించి ఆలోచించకుండా సైకిళ్ళను, బోర్డులను చూడగలగడం చిన్న సంగతి కాదు. 78 ఒక్కదాంతో సరిపెట్టుకోవడం మాత్రం, ఎలక్ట్రిక్ కారే కొంటామని గట్టిగా తెలిసినవాళ్ళకు తప్ప, చెప్పను. స్పెయిన్‌లోనో గ్రీస్‌లోనో సెలవుల్లో చవగ్గా అద్దెకు దొరికేది చాలాసార్లు గేరు కారే.

థియరీ ఏ భాషలో?

జర్మన్‌తో పాటు 12 భాషల్లో రాయవచ్చు. ఇంగ్లిష్ ఉంది, హిందీ లేదు, తెలుగు లేదు. 30 ప్రశ్నలు. తప్పులకు పాయింట్లు పడతాయి, 10 దాటితే ఫెయిల్. అయిదు పాయింట్ల ప్రశ్నలు రెండు తప్పితే 10 దాటకపోయినా ఫెయిల్. వీడియో ప్రశ్నలు కూడా ఉంటాయి. ఒక దృశ్యం చూపించి, ఇక్కడ ఏ జాగ్రత్త పడాలి అని అడుగుతారు.

జర్మన్‌లో బీ1 (మధ్యస్థ) స్థాయి దాటనివాళ్ళు ఇంగ్లిష్‌లో రాయండి, మొహమాటం అక్కర్లేదు. ఆ ఇంగ్లిష్ కాస్త బిగుసుకుపోయినట్టు ఉంటుంది, కాబట్టి స్కూల్ ఇచ్చే యాప్‌లోని అధికారిక ప్రశ్నలన్నీ కనీసం రెండుసార్లు తిప్పండి. ప్రశ్నలు వెయ్యికి పైనే ఉన్నాయి. రోజుకు నలభై అయినా చేస్తే రెండు నెలల్లో సిద్ధమవుతారు. థియరీ పాసయ్యాక ఏడాదిలోపు ప్రాక్టికల్ పాసవ్వాలి, లేకపోతే థియరీ మళ్ళీ రాయాలి.

ప్రాక్టికల్ మాత్రం జర్మన్‌లోనే. మొత్తం 55 నిమిషాలు. పరీక్షాధికారి వాడే మాటలు చాలా తక్కువ: కుడికి, ఎడమకు, తిన్నగా, వీలున్నచోట వెనక్కి తిరగండి, ఇక్కడ పార్క్ చేయండి. చివరి అయిదారు క్లాసుల్లో ఇన్‌స్ట్రక్టర్‌ని జర్మన్‌లోనే చెప్పమనండి, చెవికి పడిపోతుంది. ఏమీ చెప్పకపోతే తిన్నగా వెళ్ళాలన్నది గుర్తుంచుకోండి.

స్కూల్ ఎలా ఎంచుకోవాలి?

క్లాసు ధర చూసి ఎంచుకునే వాళ్ళే ఎక్కువ. నేను చూడమనేది వేరే. మొదటిది, మార్పిడి విద్యార్థులను తీసుకుంటారా అని. కొన్ని స్కూళ్ళు తక్కువ క్లాసులు తీసుకుంటారని వీళ్ళను ఇష్టపడవు, లేదా కొత్త ప్యాకేజీలోకే లాగుతాయి. "మీ ఇండియా లైసెన్స్ చెల్లదు, కొత్తగా చేరండి" అని ఎవరైనా అంటే, సంతకం పెట్టకుండా ముందు మీ ఊరి లైసెన్స్ ఆఫీసుకు వెళ్ళి అడగండి. రెండోది, ప్రాక్టికల్ స్లాట్‌కి ప్రస్తుతం ఎన్ని వారాలు ఆగాల్సి వస్తోంది. మూడోది, వారానికి ఎన్ని క్లాసులు ఇవ్వగలరు. వారానికి ఒకటి చొప్పున నేర్చుకుంటే ప్రతిసారీ సగం క్లాసు పాతది గుర్తు తెచ్చుకోవడానికే పోతుంది. వారానికి రెండు, చివర్లో మూడు ఉండాలి.

మ్యూనిక్, బెర్లిన్, ఫ్రాంక్‌ఫర్ట్‌లలో ఇంగ్లిష్ మాట్లాడే ఇన్‌స్ట్రక్టర్లు దొరుకుతారు, కానీ రద్దీ ఎక్కువ. చిన్న ఊళ్ళలో క్లాసు ధర తక్కువ, స్లాట్ త్వరగా వస్తుంది, భాష ఇబ్బంది. జర్మన్ ఓ మోస్తరుగా వస్తే చిన్న ఊరే మంచిది. పరీక్ష కూడా ట్రామ్ పట్టాలు, నాలుగు లేన్ల కూడళ్ళు లేని రోడ్ల మీద జరుగుతుంది. అయితే మీ నివాసం, లేదా చదువో ఉద్యోగమో ఆ చుట్టుపక్కల ఉండాలి. ఎక్కడ పడితే అక్కడ పరీక్ష ఇవ్వనివ్వరు.

ఖర్చు తగ్గించడానికి 2025 అక్టోబరులో మంత్రి పాట్రిక్ ష్నీడర్ కొన్ని ప్రతిపాదనలు ముందుకు తెచ్చారు. థియరీ ఆన్‌లైన్‌లో నేర్చుకోవడం, ప్రశ్నల సంఖ్య తగ్గించడం లాంటివి అందులో ఉన్నాయి. కొత్తగా తీసుకునేవాళ్ళకు వాటితో ఊరట కలగవచ్చు. మార్పిడి వాళ్ళు మాత్రం వాటి కోసం ఆగనక్కర్లేదు, నిర్బంధ క్లాసులు మనకు ఎలాగూ లేవు.

అడ్డదారులు

పోలాండ్‌లోనో చెక్‌లోనో తేలిగ్గా లైసెన్స్ ఇప్పిస్తామని చెప్పే ఏజెంట్లు ఉన్నారు. యూరోపియన్ యూనియన్ నియమం ప్రకారం లైసెన్స్ ఇచ్చే దేశంలో ఏడాదికి కనీసం 185 రోజులు నిజంగా నివసించాలి. అలా నివసించకుండా తెచ్చుకున్న కార్డును జర్మనీ ఒప్పుకోదు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల.

ఇంకో సంగతి నెదర్లాండ్స్ నుంచి ఇటు మారేవాళ్ళకు. అక్కడ విదేశాల నుంచి వచ్చినవాళ్ళకు ఇచ్చే 30 శాతం పన్ను సదుపాయం ఉన్న ఉద్యోగులు, వాళ్ళ కుటుంబ సభ్యులు ఇండియా లైసెన్స్‌ను పరీక్ష లేకుండా డచ్ కార్డుగా మార్చుకోగలరు. చాలా మంచి సదుపాయం, అక్కడ ఉన్నంతకాలం. కానీ ఇండియా కార్డుకు బదులుగా, పరీక్ష లేకుండా వచ్చిన ఆ కార్డును, ఇక్కడ నివాసం మార్చుకున్నాక జర్మనీ చెల్లుబాటుగా చూడదు. జర్మనీలో పరీక్ష రాసి తెచ్చుకున్న కార్డుకు ఈ బెడద లేదు, యూనియన్‌లో ఏ దేశానికి మారినా చెల్లుతుంది.

అసలు లైసెన్స్ కావాలా?

పెద్ద నగరంలో ఉంటూ, ఒకటి రెండేళ్ళలో వెళ్ళిపోయే ఆలోచన ఉంటే వద్దనే అంటాను. నెలకు 63 యూరోల డాయిచ్‌లాండ్ టికెట్‌తో దేశమంతా లోకల్ రైళ్ళు, బస్సులు, ట్రామ్‌లు ఎక్కవచ్చు. 1,700 యూరోలకు రెండేళ్ళకు పైగా టికెట్ వస్తుంది. పిల్లలున్నవాళ్ళకు, బాడెన్ వుర్టెంబెర్గ్‌లో ఊళ్ళ మధ్య ఉన్న ఫ్యాక్టరీల్లో షిఫ్టు పనిచేసేవాళ్ళకు, గంటకో బస్సు వచ్చే చోట ఉన్నవాళ్ళకు ఈ లెక్క నిలవదు. వాళ్ళకు లైసెన్స్ అవసరమే, తొందరగానే.

ఇంకా ఇండియాలో ఉన్నవాళ్ళకు

వీసా రావడానికి మూడు నాలుగు నెలలు ఉంటే ఎల్‌ఎల్‌ఆర్ ఇప్పుడే తీసుకోండి. దాని తర్వాత 30 రోజులు ఆగితే గానీ పక్కా లైసెన్స్ పరీక్షకు వెళ్ళలేరు. ఆ నెల రోజులూ నిజంగా నడపండి. జర్మనీకి వచ్చి స్థిరపడ్డాక సెలవుల్లో ఊరెళ్ళి తెచ్చుకునే ఇండియా లైసెన్స్ ఇక్కడ దేనికీ పనికిరాదు, ఇక్కడ నివాసం ఉండగా తీసుకున్నది కాబట్టి.

పాత లైసెన్స్ ఉన్నవాళ్ళు కార్డు మీద మొదట జారీ అయిన తేదీ, ఎల్‌ఎంవీ వచ్చిన తేదీ స్పష్టంగా ఉన్నాయో చూసుకోండి. రెన్యూవల్ తేదీ మాత్రమే కనిపిస్తే, ఆర్టీఓ నుంచి పాత వివరాలతో కాగితం తీసుకురండి. గడువు ఏడాదిలోపు ముగిసేలా ఉంటే బయలుదేరే ముందే రెన్యూ చేయించుకోండి. డిజీలాకర్‌లో ఉంది కదా అని ప్లాస్టిక్ కార్డు ఇంట్లో వదిలి రాకండి, ఇక్కడి ఆఫీసు చేతిలోకి తీసుకునేది ఆ కార్డునే.